పరదత్తానుపాలన: ఖిలా వరంగల్ పాత ఇంటి పునరుద్ధరణలో ఒక నైతిక ప్రశ్న

ఉపోద్ఘాతం

ఖిలా వరంగల్‌కు వచ్చే యాత్రికులు నాలుగు కీర్తితోరణాల నడుమ నిలిచి, స్వయంభూ శివాలయపు శిల్పశకలాలను చూసి, చాలావరకు అక్కడినుంచే వెనుదిరుగుతారు. ఆ తోరణాలకు కూతవేటు దూరంలో, రాతికోట గోడల లోపలనే, మధ్యకోట, తూర్పుకోట, పడమరకోట అన్న పేర్లతో జనావాసాలున్నాయి. కాకతీయుల రాజధాని శిథిలమైంది గాని నిర్జనం కాలేదు. గణపతిదేవుడు, రుద్రమదేవి పటిష్ఠపరచిన కోటలో ఇవాళ పిల్లలు బడికి వెళ్తారు, పెళ్లిపందిళ్లు లేస్తాయి, వానాకాలం వస్తున్నదంటే ఇళ్లకు మరమ్మతులు మొదలవుతాయి. తోరణాన్ని ఎలా కాపాడాలన్న ప్రశ్నకు పురావస్తుశాస్త్రం వద్ద సమాధానముంది. ఆ తోరణం పక్క వీథిలోని పాత ఇంటిని ఎలా బాగుచేయాలి, అసలెందుకు బాగుచేయాలి అన్న ప్రశ్నకు అంత సిద్ధమైన సమాధానం లేదు.

ఆ పాత ఇల్లు కాకతీయుల నాటిది కాదు; తాతముత్తాతల నాటిది. తెలంగాణ పట్టణాల్లోని సంప్రదాయ గృహనిర్మాణ పద్ధతిని బట్టి అటువంటి ఇంటిని ఒక నమూనాగా భావించవచ్చు. మట్టితోగాని, మట్టి అడుసులో పేర్చిన రాతితోగాని లేపిన మందమైన గోడలు, కర్ర స్తంభాలు, దూలాలు, వాసాలు, పైన గూనపెంకు, నడుమ ఆకాశం కనిపించే వాకిలి, వీథివైపు అరుగు, పెరట్లో చేదబావి. వాసాలకు చెదలు పట్టాయి, ఒక మూల గోడ ఉబ్బింది. ఇంటి యజమాని ముందు మూడు దారులున్నాయి. ఇంటిని కూల్చి స్లాబు ఇల్లు కట్టుకోవడం ఒకటి. పగుళ్లకు సిమెంటు పూసి కొన్నేళ్లు గడపడం రెండవది. ఉన్న మట్టిని, కర్రను, రాతిని వీలైనంత నిలుపుకొంటూ, సున్నంతో, తిరిగి వాడిన కలపతో బాగుచేయించడం మూడవది. పర్యావరణహితమైన పునరుద్ధరణ అని నేడు వ్యవహరించేది ఈ మూడవ దారినే.

మూడవ దారి మంచిదని చెప్పడం సులభం. ఏ కారణం చేత మంచిదో, ఎవరికి మంచిదో, ఎవరి ఖర్చుతో మంచిదో చెప్పడం అంత సులభం కాదు. ఈ ప్రశ్నలను తెలుగు భాషలోను, శాసన సంప్రదాయంలోను ఉన్న కొన్ని భావనల వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పేర్లలోని తేడాలు

పాతదాన్ని నిలబెట్టే పనికి తెలుగులో ఒకే మాట లేదు. మరమ్మతు, బాగుచేత, జీర్ణోద్ధరణ, పునరుద్ధరణ, పునర్నిర్మాణం, ఆధునికీకరణ అనే మాటలు ఒకదాని స్థానంలో ఒకటి వాడుకలో ఉన్నా, ప్రతి మాటా వేరొక దృష్టిని సూచిస్తుంది. మరమ్మతు ఉర్దూ మీదుగా వచ్చి జనజీవితంలో స్థిరపడిన మాట. గడియారానికి, చెప్పుకు, చెరువుకట్టకు, ఇంటికి అన్నిటికీ అదే మాట సరిపోతుంది. దానిలో ఘనత లేదు. వస్తువు మళ్లీ పనికి రావాలన్న ఆశయం మాత్రమే ఉంది.

జీర్ణోద్ధరణలో ఘనత ఉంది. ఈ మాట ప్రధానంగా దేవాలయానికీ తటాకానికీ సంబంధించి వినిపిస్తుంది. మయమతం వంటి వాస్తుగ్రంథం జీర్ణమైన కట్టడాల పునరుద్ధరణకు ప్రత్యేకంగా ఒక అధ్యాయాన్ని కేటాయించింది. జీర్ణ శబ్దానికి శిథిలమైనదన్న అర్థంతో పాటు అరిగి ఒంటబట్టినదన్న అర్థం కూడా ఉంది. తిన్న అన్నం జీర్ణమైతే శరీరానికి బలం. కట్టిన ఇల్లు జీర్ణమైతే యజమానికి దిగులు. ఒకే మాటలోని ఈ రెండర్థాలను కలిపి చూస్తే, కాలం వస్తువును పాడుచేయడమే కాక దాన్ని మనుషుల జీవితంలో కలిపివేస్తుందన్న ఎరుక కలుగుతుంది. అరుగు అంచు నునుపుదేరడం శైథిల్యమా, సంస్కారమా అని అడిగితే రెండూ అనే చెప్పవలసివస్తుంది.

గుడికీ చెరువుకూ దక్కిన జీర్ణోద్ధరణ అన్న గౌరవం ఇంటికి సాధారణంగా దక్కలేదు. ఇల్లు కట్టడం ఎంత కష్టమో చెప్పే సామెత అందరి నోటా ఉంది. కట్టిన ఇంటిని కాపాడుకోవడం గురించి అంతటి ప్రసిద్ధి పొందిన సామెత కనిపించదు. తెలుగు సంప్రదాయంలోని సప్తసంతానాలలో తటాకం, దేవాలయం, వనం, అగ్రహారం, కృతి, నిధి, పుత్రుడు ఉన్నాయి గాని సొంత ఇల్లు లేదు. కారణం ఊహించదగినదే. సంతానమన్నది కర్తను దాటి ఇతరులకు చేరేది. సొంత ఇల్లు కర్త అనుభవించేది. పాత ఇంటి పునరుద్ధరణకు నైతిక విలువ ఉందని వాదించేవారు మొదట ఈ విభజనకు సమాధానం చెప్పాలి. సొంత ఇల్లు కూడా ఒక విధంగా ఇతరులదేనని చూపగలగాలి.

సాహిత్యం గుర్తుంచుకొన్న ఇళ్లు

ఓరుగల్లు విషయంలో ఆ ఆధారం సాహిత్యంలోనే దొరుకుతుంది. వినుకొండ వల్లభరాయుని పేర ప్రసిద్ధమై, శ్రీనాథ కర్తృత్వం గురించి చర్చకు గురైన క్రీడాభిరామం ఓరుగల్లు నగరంలో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఒక దినమంతా తిరిగిన తిరుగుడును చిత్రిస్తుంది. ఆ రూపకం పేరే వీథి. అందులో రాజసభ కంటె పూటకూళ్లిల్లు, యుద్ధం కంటె కోడిపందెం, కోట గోడ కంటె మాచల్దేవి ఇంటి చిత్రశాల పాఠకుని మనసులో నిలుస్తాయి. కవి నగరాన్ని గుర్తుంచుకొన్నది వీథుల ద్వారా, వాకిళ్ల ద్వారా.

చట్టం, పురావస్తుశాఖ కాపాడుతున్నది తోరణాలను, గోడలను, బురుజులను. రాతితో కట్టినవి నిలిచాయి. మట్టితో, కర్రతో కట్టినవి పోయాయి. పూటకూళ్లిల్లు గాని, మాచల్దేవి చిత్రశాల గాని పద్యంలో తప్ప మరెక్కడా లేవు. నగరమంటే ఏమిటన్న విషయంలో సాహిత్యానికీ పరిరక్షణ వ్యవస్థకూ మధ్య ఉన్న ఈ అంతరం గమనించదగినది. ఖిలా వరంగల్ వీథుల్లోని మట్టిగోడల ఇల్లు వయసులో చిన్నదే అయినా, నిర్మాణ పద్ధతిలో తోరణానికంటె పూటకూళ్లింటికే దగ్గరి చుట్టం. అటువంటి ఇళ్లన్నీ పోతే మిగిలేది స్మారకం; వీథి మిగలదు.

శాసనాల భాష: స్వదత్తం, పరదత్తం

తెలుగు దేశంలోని దానశాసనాల చివర ఫలశ్రుతిగాను, శాపోక్తిగాను కొన్ని సంస్కృత శ్లోకాలు పదేపదే కనిపిస్తాయి. వాటిలో మిక్కిలి ప్రసిద్ధమైన ఒకదాని భావం ఇది: తాను చేసిన దానం కంటె ఇతరులు చేసిన దానాన్ని కాపాడడం రెండింతల పుణ్యం, ఇతరుల దానాన్ని అపహరించినవానికి తన సొంత దానం కూడా నిష్ఫలమవుతుంది. ఈ శ్లోకాన్ని శాసన పరిశోధకులు సాధారణంగా ఒక ముద్రగా, ఆచారంగా గుర్తించి దాటిపోతారు. దానిలోని నైతిక తర్కం మాత్రం ఆగి ఆలోచించదగినది.

కొత్తదాన్ని ఇచ్చేవానికి పేరు వస్తుంది, శాసనం వస్తుంది. ముందటివాడు ఇచ్చినదాన్ని కాపాడేవానికి అవి రావు. కీర్తి తక్కువైనచోట పుణ్యాన్ని రెట్టింపు చేసి, ఆ శ్లోకం తూకాన్ని సరిచేస్తున్నది. అందులో వాడిన పదం అనుపాలనం. పాలన అంటే కాపాడడం. అను అంటే వెనుక నడవడం, అనుసరించడం. ముందటివారి సంకల్పం వెనుక నడుస్తూ కాపాడడం అనుపాలనం.

ఈ దృష్టితో చూస్తే పాత ఇంటి యజమాని చట్టం ప్రకారం స్వామి అయినా, నైతికంగా పరదత్తాన్ని పొందినవాడు. గోడలోని మట్టి ఒక చెరువునుంచో చేనునుంచో వచ్చింది. వాసం ఒక అడవినుంచి వచ్చింది. పెంకు ఒక కుమ్మరి ఆవంలో కాలింది. మట్టి తొక్కినవారి శ్రమకు ఆనాడే కూలి ముట్టి ఉండవచ్చు, ముట్టకపోయీ ఉండవచ్చు. భూమికి మాత్రం ఎవరూ కూలి ఇవ్వలేదు. ఆ ఇంటిని కూల్చివేస్తే ఒకసారి భూమినుంచి తీసుకొన్నదాన్ని వ్యర్థం చేసి, మళ్లీ తీసుకోవడమవుతుంది. పర్యావరణ శాస్త్రం నేడు కట్టడంలో నిక్షిప్తమైన శక్తి, నిక్షిప్తమైన కర్బనం అని లెక్కించేదాన్ని శాసనాల భాషలో పరదత్తం అనవచ్చు.

ఖిలా వరంగల్‌లోనే ఇటువంటి అనుపాలనకు ఒక చారిత్రక సాక్ష్యం ఉంది. 1323లో కాకతీయ రాజ్యం పతనమైన తరువాత దాదాపు రెండు శతాబ్దాలకు ఓరుగల్లును ఏలిన షితాబ్ ఖాన్ 1504 నాటి తన సంస్కృత శాసనంలో, స్థానభ్రష్టమైన కాకతిరాజ్య దేవతను తిరిగి ప్రతిష్ఠించినట్లు చెప్పుకొన్నాడు. ఆయన కాకతీయ వంశీయుడు కాడు. తనది కానిదాన్ని తనదిగా కాపాడి, దానినుంచి తన అధికారానికి గౌరవాన్ని సంపాదించుకొన్నాడు. అనుపాలనలో పుణ్యంతో పాటు ప్రయోజనం కూడా కలిసి ఉండవచ్చునని, అందువల్ల దాని విలువ తగ్గదని ఈ ఉదంతం తెలుపుతుంది.

మట్టి, సున్నం, సిమెంటు

పరదత్తం అన్న భావన ఆచరణలో ఏం కోరుతుందో తెలుసుకోవాలంటే పదార్థాల స్వభావం తెలియాలి. సున్నం, సిమెంటు రెండూ సున్నపురాయినుంచి పుట్టినవే. సున్నపురాయిని దాదాపు 900 డిగ్రీల సెల్సియస్ వద్ద కాలిస్తే సున్నం వస్తుంది. సిమెంటుకు మూలమైన క్లింకర్ తయారుకావడానికి దాదాపు 1450 డిగ్రీల వేడి కావాలి. రెండింటి తయారీలోను రాయి విచ్ఛిన్నమై బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. గోడకు పూసిన సున్నం గట్టిపడేటప్పుడు గాలిలోని అదే వాయువును కొంత తిరిగి గ్రహించి మళ్లీ రాయిగా మారుతుంది. ప్రపంచవ్యాప్తంగా మానవ కార్యకలాపాలవల్ల వెలువడే బొగ్గుపులుసు వాయువులో సుమారు 7 నుంచి 8 శాతం సిమెంటు పరిశ్రమదని అంచనా.

ఈ లెక్కలు సున్నం పక్షాన మొగ్గుతున్నట్లు కనిపించినా, నైతిక వాదాన్ని లెక్కల మీద మాత్రమే నిలపడం ప్రమాదకరం. ఒక ఇంటి పూతలో మిగిలే కర్బనం ఒక నగరపు ఖర్చులో లెక్కకు రాదు. రేపు తక్కువ కాలుష్యంతో సిమెంటు తయారైతే ఆ వాదం కూలిపోతుంది. సున్నానికీ సిమెంటుకూ ఉన్న మరింత లోతైన భేదం మరొకటి ఉంది.

మట్టిగోడ నేలలోని చెమ్మను పీల్చుకొని గాలికి వదులుతుంది. సున్నపు పూత ఆ చెమ్మను బయటికి పోనిస్తుంది. సిమెంటు పూత దాన్ని లోపలే నిలిపివేస్తుంది. పైకి గట్టిగా, నునుపుగా కనిపిస్తున్న గోడ లోపల మెత్తబడుతుంది; కొన్నేళ్లకు పూత పెచ్చులుగా ఊడి, తనతోపాటు మట్టినీ లాక్కొస్తుంది. గోడను బలపరచాలనుకొన్న చేతితోనే దానికి ఊపిరాడకుండా చేయడం ఇది. ఇటుక గోడ విషయంలో భేదం మరింత స్పష్టం. సున్నపు అతుకు ఇటుక కంటె మెత్తన. ఇటుకను విడదీసి, గీకి, మరొక గోడలో మళ్లీ వాడవచ్చు. సిమెంటు అతుకు తరచు ఇటుక కంటె గట్టిది. విడదీయబోతే అతుకు ఊడదు, ఇటుక పగులుతుంది.

ఈ స్వభావభేదమే ఈ చర్చకు కేంద్రం. సున్నంతో చేసిన పని తరువాత వచ్చేవారి చేతిని కట్టివేయదు. ఇష్టమైతే నిలుపుకొంటారు, అవసరమైతే మారుస్తారు, తప్పనిసరైతే విప్పి మరొకచోట వాడుకొంటారు. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణమండపం దీనికి గొప్ప స్థాయిలో ఉదాహరణ. రాళ్లకు సంఖ్యలు వేసి, మండపాన్ని విప్పి, పునాదిని బాగుచేసి, మళ్లీ పేర్చిన ఆ పని ఏళ్లతరబడి సాగి 2024 మార్చిలో పూర్తయింది. రాతిమీద రాతిని పేర్చి నిలిపిన కాకతీయ శిల్పుల పద్ధతి విప్పడానికి వీలైనది కాబట్టే ఎనిమిది శతాబ్దాల తరువాత దాన్ని మళ్లీ నిలబెట్టడం సాధ్యమైంది. ఒక్క ముద్దగా పోసిన కాంక్రీటును ఆ విధంగా విప్పి పేర్చే వీలుండదు.

కనుక పర్యావరణహితమైన పునరుద్ధరణకు ఒక నిర్వచనాన్ని ప్రతిపాదించవచ్చు: తరువాతివారు మళ్లీ బాగుచేయగలిగేటట్లు బాగుచేయడమే అది. మట్టి, సున్నం, పాత కలప స్వతహాగా పవిత్రమైనవి కావు. వాటివల్ల ఆ వీలు కలుగుతున్నది కాబట్టే వాటికి విలువ.

ఇల్లు అదేనా

ఇక్కడ ఒక ప్రాచీన ఆక్షేపం ఎదురవుతుంది. వాసాలు మార్చి, పెంకులు మార్చి, ఉబ్బిన గోడను తీసి కొత్త మట్టితో లేపిన తరువాత అది పాత ఇల్లేనా? మిళింద ప్రశ్నల్లో నాగసేనుడు రథాన్ని చూపి ఇటువంటి ప్రశ్ననే అడిగాడు. చక్రం రథమా, ఇరుసు రథమా, నొగ రథమా అని ఒక్కొక్క అంగాన్ని పరిశీలించి, అంగాల కూర్పుకు వ్యవహారంలో పెట్టుకొన్న పేరే రథమని తేల్చాడు.

ఐరోపాలో ఈ ప్రశ్న వేరొక రూపం దాల్చింది. పోయినదాన్ని మళ్లీ కల్పించడం అబద్ధమని 19వ శతాబ్దంలో జాన్ రస్కిన్ వాదించాడు. 1964 నాటి వెనిస్ ఒడంబడిక మూలపదార్థాన్ని గౌరవించడాన్ని సూత్రంగా నిలిపింది. జపాన్‌లోని ఇసే ఆలయాన్ని 20 సంవత్సరాలకొకసారి పూర్తిగా కొత్త కలపతో కడతారు. ఆ సమాజం దృష్టిలో అది ప్రాచీనమైనదే. యథార్థతను ఆయా సంస్కృతుల దృష్టితో నిర్ణయించాలని 1994 నాటి నారా పత్రం అంగీకరించింది.

తెలుగు గృహజీవితానికి ఈ రెండో దృష్టే దగ్గర. గూనపెంకుల ఇంటివారు వానాకాలానికి ముందు పెంకులు సర్దించేవారు. పగిలినవాటిని తీసి కొత్తవి పెట్టించేవారు. పండుగకు గోడలకు సున్నం, జాజు పడేవి. నేలను అలికేవారు. పునరుద్ధరణ యాభై ఏళ్లకొకసారి జరిగే ఘటనగా ఉండేది కాదు; ఏటేటా జరిగే అలవాటుగా ఉండేది. ఇంటి గుర్తింపు దాని మట్టిరేణువుల్లో లేదు, ఆ అలవాటు తెగకపోవడంలో ఉంది. స్లాబు ఇంటికీ పాత ఇంటికీ మౌలికమైన భేదం కూడా ఇక్కడే. స్లాబు ఇల్లు ఇక నన్ను పట్టించుకోనక్కరలేదని మాట ఇస్తుంది. పాత ఇల్లు అటువంటి మాట ఎన్నడూ ఇవ్వలేదు.

అలికిన చేతులు, వెనుక ద్వారం

ఆ మాటకు మనుషులు ఎందుకు ఆశపడ్డారో అర్థం చేసుకోకుండా స్లాబు ఇంటిని నిందించడం న్యాయం కాదు. ఏటేటా జరిగే ఆ అలవాటును మోసిన చేతులు ఎవరివి? నేల అలికింది ప్రధానంగా ఇంటి ఆడవారు. పేడ తెచ్చి, మట్టి కలిపి, నడుము వంచి అలికిన ఆ పనికి వెల లేదు, సెలవు లేదు. తక్కువ కర్బనం ఖర్చయ్యే ఇంటి వెనుక లెక్కకు రాని స్త్రీశ్రమ ఉన్నదన్న సంగతిని వదిలేసి మట్టినేల చల్లదనాన్ని పొగడడం సగం సత్యమే. గచ్చు వచ్చినప్పుడు, బండలు పరచినప్పుడు ఆ ఇంటి స్త్రీకి దక్కింది సౌకర్యం మాత్రమే కాదు, పొద్దు.

తరతరాలుగా గుడిసెల్లో, కారే కప్పుల కింద బతికిన కుటుంబాలకు స్లాబు ఇల్లు మరొక రకమైన అర్థాన్నిచ్చింది. అది గౌరవానికి గుర్తు. మట్టి ఇంటి సౌందర్యాన్ని గురించిన ఉపన్యాసం, మట్టి ఇల్లు తప్ప మరొకటి కట్టుకొనే స్తోమత లేనివారికి వినసొంపుగా ఉండదు. ఎంపికగా వచ్చిన నిరాడంబరతకూ, గతిలేక వచ్చిన నిరాడంబరతకూ నైతికంగా చాలా దూరముంది.

పాత ఇంటి ప్రణాళికలోనే సమాజపు అంతరువులు కట్టబడి ఉండేవి. అరుగు దాకా రాగలవారు, వాకిలి దాకా రాగలవారు, వంటింటి గడప దాటగలవారు వేరువేరు. వీథివైపు కాక వెనుకవైపునుంచి రావలసినవారు ఉండేవారు. పాతకాలపు పొడి మరుగుదొడ్లను చేతులతో శుభ్రం చేయించిన వ్యవస్థ ఆ వెనుక ద్వారం మీదనే నడిచింది. ఆ పనిచేయించడాన్ని దేశం 1993లోను, మళ్లీ 2013లోను చట్టం చేసి నిషేధించవలసివచ్చింది. దాశరథి రంగాచార్య చిల్లర దేవుళ్లు నవల చదివినవారికి తెలంగాణ గడీ గోడల మందం వేసవి చల్లదనానికే కాక వెట్టికి కూడా సాక్ష్యమని వేరే చెప్పనక్కరలేదు.

పాత ఇంటిని ఉన్నదున్నట్లు పునరుద్ధరించాలన్న ఆదర్శం ఈ చోట తనంతట తానే వీగిపోతుంది. ఎంతటి పరిరక్షణాభిమాని అయినా పొడి మరుగుదొడ్డిని పునరుద్ధరించడు. యథార్థత కంటె ఉన్నతమైన విలువలున్నాయని అందరూ ఆచరణలో ఒప్పుకొంటున్నట్లే. అలా ఒప్పుకొన్న తరువాత ఏది నిలపాలి, ఏది మార్చాలి అన్నది ప్రతి గడప దగ్గరా అడగవలసిన ప్రశ్న అవుతుంది. పరదత్తంలో అపహారం కూడా కలిసి ఉండవచ్చు. మట్టి తొక్కినవారికి ఆ ఇంటి అరుగుమీద కూర్చునే హక్కు లేకపోతే, వారినుంచి తీసుకొన్నది దానం కాదు. అటువంటి ఇంటి అనుపాలనలో గోడను నిలపడంతో పాటు గడపను అందరికీ తెరవడం కూడా భాగం. వడ్రంగం, సున్నపు పని, రాతిపని తెలిసినవారిని అంతరిస్తున్న కళకు ప్రతినిధులుగా పొగిడి, కూలి దగ్గర బేరమాడడం ఆ అపహారాన్ని కొనసాగించడమే.

చట్టం గీసిన గీతలు, మోయవలసిన భారం

ఖిలా వరంగల్ వంటి చోట యజమాని నిర్ణయం అతనొక్కడిదే కాదు. ప్రాచీన స్మారకాలు, పురావస్తు స్థలాలు, అవశేషాల చట్టం 1958లో వచ్చింది. 2010 సవరణ ప్రకారం రక్షిత ప్రాంతపు హద్దునుంచి కనీసం 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతం. దానికి ఆవల కనీసం 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. నిషిద్ధ ప్రాంతంలో కొత్త నిర్మాణానికి వీలులేదు. ఉన్న ఇంటి మరమ్మతుకు, నవీకరణకు అనుమతి పొందవచ్చు. ఆ చట్టం నిర్మాణం, పునర్నిర్మాణం, మరమ్మతు అన్న మాటలను వేర్వేరుగా నిర్వచించింది. ముందున్న కట్టడంలో చేసే మార్పులు మరమ్మతు కిందికి వస్తాయి. అడ్డంగాగాని నిలువుగాగాని పెంచడం నిర్మాణమవుతుంది. జీర్ణోద్ధరణ, పునర్నిర్మాణం అన్న మాటల మధ్య భాషావేత్త చూసే భేదమే ఇక్కడ ఒక కుటుంబపు భవితవ్యాన్ని నిర్ణయిస్తుంది.

ఆ గీతలకు కారణముంది. అవి లేకపోతే కీర్తితోరణాల చుట్టూ అంతస్తులు లేచి ఉండేవి. కాని వాటి భారం అందరిమీదా సమానంగా పడదు. కొడుకు పెళ్లయి మరొక గది కావలసివచ్చిన ఇంటివారికి పై అంతస్తు వేసుకొనే వీలు లేదు. సున్నం పని తెలిసిన మేస్త్రీ కోసం వెదకాలి. అనుమతి కాగితాలకు తిరగాలి. తోరణాన్ని చూసి సంతోషించేది దేశమంతా. దాని పక్కన ఉన్నందుకు ఇబ్బందిపడేది కొద్ది కుటుంబాలు. ఆ ఇబ్బంది భరించలేక ఇంటిని వదిలిపోతే, మరమ్మతు లేని మట్టిగోడ కొన్ని వానలకే కూలుతుంది. కూల్చివేతను ఆపిన చట్టం కూలిపోవడాన్ని ఆపలేదు.

ఉమ్మడి వారసత్వాన్ని కాపాడే భారాన్ని ఉమ్మడిగా మోయాలన్నది ఇక్కడ న్యాయసూత్రం. కేంద్రప్రభుత్వం 2015లో ప్రారంభించిన హృదయ్ పథకానికి ఎంపికైన 12 నగరాల్లో వరంగల్ ఒకటి. వారసత్వ స్థలాల పరిసరాల్లో పౌరవసతుల మెరుగుదల మీద ఆ పథకం దృష్టి నిలిపింది. అదే సంవత్సరం తెలంగాణ ప్రభుత్వం కాకతీయుల పేరుతో చెరువుల పునరుద్ధరణను చేపట్టి, పూడిక తీసిన మట్టిని పొలాలకు చేర్చింది. చెరువును ప్రజాధనంతో ఉద్ధరించడం న్యాయమని అందరూ అంగీకరించారు. చెరువుకు వర్తించిన ఆ న్యాయం, స్మారకం నీడలో ఉన్నందువల్ల తన స్వేచ్ఛను కొంత కోల్పోయిన ఇంటికి ఎందుకు వర్తించకూడదు? సున్నానికీ కూలికీ అయ్యే అదనపు ఖర్చులో సమాజం పాలు పంచుకోకుండా, ఇంటివారినుంచి త్యాగాన్ని మాత్రం కోరితే, అది ఒకరి సొమ్ముతో మరొకరు పుణ్యం కట్టుకోవడమే.

చెరువుకూ ఇంటికీ సంబంధం భావనలో మాత్రమే లేదు. 2020 ఆగస్టులోను, 2023 జులైలోను వరంగల్ నగరం వరదలో మునిగినప్పుడు, నీటికి దారి మిగల్చని నగరనిర్మాణపు ఫలితం అందరికీ తెలిసివచ్చింది. మట్టి వాకిలి వాననీటిని ఇంకనిస్తుంది. మందమైన గోడ, పెంకు కింద నిలిచే గాలి 40 డిగ్రీలు దాటే వేసవిలో విద్యుత్తు అక్కర లేకుండా ఇంటిని కొంత చల్లబరుస్తాయి. ఒక ఇంటి వాకిలి వరదను ఆపలేదు. వీథివీథినా వాకిళ్లన్నీ సిమెంటుతో మూసుకుపోతే మాత్రం నీరు ఎవరో ఒకరి గడప దాటక తప్పదు. సొంత ఇల్లు ఇతరులకు ఎలా చెందుతుందన్న తొలి ప్రశ్నకు ఇది అత్యంత లౌకికమైన సమాధానం.

ముగింపు

సప్తసంతానాల పట్టికలో సొంత ఇల్లు లేకపోవడానికి అది కర్తతో ముగిసే అనుభవమన్న భావన కారణమై ఉండవచ్చు. పై పరిశీలనలో ఆ భావన నిలవలేదు. ఇంటిలోని మట్టి, కలప, శ్రమ పూర్వులనుంచి వచ్చాయి. దాని నీరు, వేడి, వ్యర్థం పొరుగువారిని, రాబోయేవారిని తాకుతాయి. అందువల్ల పాత ఇంటి పునరుద్ధరణను అనుపాలనంగా చూడవచ్చు.

అయితే అనుపాలనమంటే వచ్చినదాన్ని వచ్చినట్లే అప్పగించడం కాదు. పరదత్తంలో కలిసివచ్చిన అన్యాయాన్ని వేరుచేయాలి. కాపాడే భారాన్ని అది పడినవారిమీదనే వదలకూడదు. తరువాతివారు మార్చుకొనే వీలును మూసివేయకూడదు. వెనుక ద్వారాన్ని మూసి ముందు గడపను అందరికీ తెరిచిన ఇల్లు తన యథార్థతను కోల్పోదు. బండలు పరచుకొన్న నేల, నీటి వసతి ఉన్న మరుగుదొడ్డి, వెలుతురు వచ్చే వంటిల్లు ఉన్న పాత ఇల్లు పాత ఇల్లే. మట్టిగోడకు సిమెంటు పూయకపోవడం గతంమీది మమకారంతో మాత్రమే చేసే పని కానక్కరలేదు. రేపటి ఇంటివారికి కూడా ఆ గోడ విషయంలో ఒక నిర్ణయం తీసుకొనే హక్కు ఉన్నదని ఒప్పుకోవడం అది.

ఓరుగల్లు గోడల్లో రాతికి దక్కిన ఆయుష్షు మట్టికి దక్కదు. మట్టి ఇల్లు తనంతట తాను నిలవదు. ప్రతి తరమూ దాన్ని నిలపాలి. ఈ బలహీనతలోనే దాని నైతిక విలువ ఉంది. తోరణం చూసేవారికోసం ఎదురుచూస్తుంది. మట్టి ఇల్లు ప్రతి వానాకాలానికీ ముందు తన కప్పు సర్దే చేతులకోసం ఎదురుచూస్తుంది.